బాల్సమ్ ఫర్‌తో క్రిస్మస్ రీత్: తీగ వదులవుతోంది, ఒక పక్కే ఎండుతోంది, ఎందుకు?

బాపట్ల_టు_బోస్టన్:

అందరికీ నమస్కారమండి. తలుపుకి వేలాడదీసే క్రిస్మస్ రీత్, అదే పచ్చి కొమ్మలతో గుండ్రంగా కట్టే దండ, ఈ ఏడు కూడా ఇంట్లోనే కట్టాలనుకుంటున్నాం. ఉండేది మసాచుసెట్స్‌లో. దగ్గర్లోని చెట్ల తోటలో బాల్సమ్ ఫర్ (క్రిస్మస్ చెట్టుగా పెట్టే సూది ఆకుల చెట్టు) కొమ్మలు పౌండ్ల లెక్కన అమ్ముతారు. పన్నెండు అంగుళాల ఇనప రింగు, పచ్చ తీగ చుట్ట ఇంట్లో ఉన్నాయి.

పోయినేడు కట్టినది మూడు వారాలు కూడా సరిగ్గా ఆగలేదు. తీగ వదులై గుత్తులు కిందికి జారాయి. ఎడమ పక్క గోధుమ రంగుకి తిరిగి ఆకు రాలిపోయింది, కుడి పక్క మాత్రం జనవరి దాకా పచ్చగానే ఉంది. కొమ్మ ఒకటే, కట్టిన రోజూ ఒకటే.

ఎన్ని పౌండ్లు కొనాలి, గుత్తికీ గుత్తికీ ఎంత ఎడం ఉండాలి, చివరి గుత్తిని మొదటి గుత్తి కింద ఎలా దాచాలి అన్నది ఒకటి. అడ్వెంట్‌కి, అంటే క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాల కాలానికి, బల్ల మీద నాలుగు కొవ్వొత్తులతో పెట్టే అడ్వెంట్ రీత్‌లో మొదటి కొవ్వొత్తి మూడో వారానికే అయిపోతోంది, దానికి ఏ పొడవు కొనాలన్నది రెండోది. గుంటూరులో అమ్మవాళ్లు కూడా కట్టుకుంటామంటున్నారు, అక్కడ దొరికే ఏ ఆకు నిలుస్తుందో అదీ చెప్పగలరు.

తీగచుట్ట:

ముందు కొమ్మ సంగతి చూద్దాం. చలి సరిగ్గా పడకముందు కోసిన ఫర్ కొమ్మ ఎంత బాగా కట్టినా ఆకు రాలుస్తుంది. మెయిన్ రాష్ట్రంలో రీత్‌ల కోసం కొమ్మలు ఏరేవాళ్లు గట్టి మంచు రాత్రులు మూడైనా పడేదాకా చెట్టు ముట్టుకోరు. ఉష్ణోగ్రత 20 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గరికి దిగిన రాత్రులు కొన్ని గడిస్తేనే ఆకు కొమ్మకి గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడైతే కత్తెర కూడా అక్కర్లేదు, పెన్సిలంత లావు కొమ్మని వంచితే టక్కున విరుగుతుంది. అందుకని తోటవాళ్లని మొదట అడగాల్సింది ధర కాదు, ఎప్పుడు కోశారని. నవంబరు మొదటి వారంలో కోసి షెడ్డులో పెట్టినదైతే వద్దనండి.

ఎంత కొనాలన్నది మీరు ఒక వైపే కడతారా, రెండు వైపులా కడతారా అన్నదాన్ని బట్టి ఉంటుంది. తలుపు చెక్కదైతే వెనక పక్క ఎవరికీ కనపడదు కాబట్టి ఒక వైపు కడితే చాలు, సుమారు మూడు పౌండ్లు పడుతుంది. గాజు తలుపుకో కిటికీకో అయితే రెండు వైపులా కట్టాలి, నాలుగు నుంచి ఐదు పౌండ్లు కావాలి. తరుగు కింద ఇంకో పౌండు ఎక్కువ తెచ్చుకోండి. మధ్యలో కొమ్మ చాలకపోతే చివరి గుత్తులు సన్నబడిపోయి, రీత్ ఒక పక్క బోడిగా కనిపిస్తుంది.

కొమ్మలు తేగానే మొదళ్లు అర అంగుళం కొత్తగా కోసి, ఒక రాత్రంతా బకెట్ నీళ్లలో నిలబెట్టండి. గ్యారేజీలో పెట్టినా ఫరవాలేదు, హీటర్ ఉన్న గదిలో మాత్రం వద్దు. కట్టేశాక మళ్లీ నీళ్లు తాగించే దారి లేదు, ఆ రాత్రి పీల్చుకున్నదే దానికి నెల రోజుల ఆస్తి.

తెల్లారాక కొమ్మల్ని ఏడెనిమిది అంగుళాల కొసలుగా కోసుకోండి. ఒక్కో గుత్తికి మూడు నాలుగు కొసలు. కింద ఒక పొడుగుది, దాని మీద కాస్త పొట్టివి రెండు, విసనకర్రలా పరిచి మొదళ్ల దగ్గర కలిపి పట్టుకోవాలి. గుత్తులన్నీ ముందే చేసి వరసగా పేర్చుకుంటే పొడవులో తేడా కంటికి తెలుస్తుంది. కట్టేటప్పుడు ఒక్కొక్కటీ చేసుకుంటూ పోతే చేతికి అలుపొచ్చేకొద్దీ గుత్తి చిన్నదవుతుంది, రీత్ కోడిగుడ్డు ఆకారంలోకి పోతుంది.

పన్నెండు అంగుళాల రింగు చుట్టుకొలత దాదాపు 38 అంగుళాలు. గుత్తికీ గుత్తికీ రెండున్నర అంగుళాలు వదిలితే ఒక వైపుకి 15 గుత్తులు, రెండు వైపులా అయితే ముందొకటి వెనకొకటి మార్చి మార్చి 30. ఎడం మూడు అంగుళాలు దాటితే ఆకు కొంచెం ఎండగానే సందుల్లోంచి ఇనుము కనపడుతుంది. రెండుకి తగ్గిస్తే మరీ ఒత్తుగా అయి బరువు పెరుగుతుంది, గాలి ఆడదు. ఈ లెక్కన కడితే బయటి వెడల్పు 22 అంగుళాల దాకా వస్తుంది.

ఇప్పుడు అసలు పని. తీగ 22 గేజ్‌ది, చెక్క ముక్కకి చుట్టి అమ్మేది తీసుకోండి. దాని కొసని రింగుకి మూడు నాలుగు మెలికలు వేసి బిగించండి. మొదటి గుత్తిని రింగు మీద పెట్టి, మొదలు చివర నుంచి అంగుళంన్నర పైన, కాడ మీద తీగ పడేలా చుట్టాలి. మొత్తం మూడు చుట్లు. మొదటి చుట్టు గుత్తిని నిలబెట్టడానికి. రెండోది వేస్తూ గుత్తిని బొటనవేలితో రింగుకి అదిమి పట్టండి. మూడోది వేశాక రింగుని ఒక చేత్తో పట్టుకుని తీగ చుట్టని రెండో చేత్తో మీ వైపుకి లాగండి. కాడలు ఒకదానికొకటి రాసుకుని కిర్రుమంటాయి, అప్పుడు బిగిసినట్టు. తీగ కొయ్యకూడదు. అదే తీగతో తర్వాతి గుత్తి, మొదటిదాని మొదళ్లని కప్పేలా, అదే దిక్కుకి.

మీ తీగ వదులవడానికి కారణం ఇక్కడే ఉంటుంది. పచ్చి కాడ ఎండేకొద్దీ సన్నబడుతుంది, పదిహేను రోజులకి ఆ తేడా తీగకి తెలిసిపోతుంది. లావు కాడ ఇంకా ఎక్కువ సన్నబడుతుంది కాబట్టి పెన్సిలు కన్నా లావైనది గుత్తిలో పెట్టకండి. కాడ మీద కాకుండా ఆకు మీద తీగ చుట్టినా ఇదే తంటా: నలిగిన ఆకు రాలిపోయి అక్కడ ఖాళీ వస్తుంది. చుట్టే చోట ఆకు ఒత్తుగా ఉంటే వేలితో గీసేయండి. ఇంకో సంగతి, మీ రింగు మీద అలలు ఉన్నాయా? ముడతలు పెట్టిన రింగుకి తీగ ఆ వంపుల్లో పడి కదలదు. నున్నటి కమ్మీతో చేసిన రింగు మీద ఎంత బిగించినా గుత్తులన్నీ కలిసి గుండ్రంగా తిరిగిపోతాయి.

చివరి గుత్తికి ఒక చిట్కా. మొదటి గుత్తి ఆకుని పైకెత్తి, బట్టల క్లిప్పుతో వెనక్కి మడిచి పెట్టండి. చివరి గుత్తి మొదళ్లని కాస్త పొట్టిగా కోసి దాని కిందికి దూర్చి, నాలుగు చుట్లు వేసి, క్లిప్పు తీసేయండి. మొదటి గుత్తి ఆకు పైన పడి అతుకు కనపడదు. మిగిలిన తీగని వెనకవైపు ఒక ఉచ్చులా తిప్పి మెలిపెడితే వేలాడదీసే కొక్కెం కూడా అయిపోయింది.

చేతికి అంటిన జిగురు సబ్బుకి పోదు. కొబ్బరినూనె రాసి తుడిచి, ఆ తర్వాత సబ్బు పెట్టండి.

దేవదారు:

పైన చెప్పిన కట్టు పద్ధతిలో వంక పెట్టడానికేం లేదు. కానీ ఒక పక్కే ఎండిందన్నారు చూడండి, అది తీగ వల్లా కొమ్మ వల్లా రాదు. మీ తలుపుకి బయట ఇంకో గాజు తలుపు ఉందా? ఇల్లు ఏ దిక్కుకి?

మీరు జవాబు చెప్పేలోపు ఆకు గుర్తుపట్టడం గురించి. తోటలో ఫర్, స్ప్రూస్, హెమ్లాక్ చెట్ల కొమ్మలు కలిపి అమ్ముతుంటారు, అన్నీ ఒకలాగే కనిపిస్తాయి. ఒక్క ఆకు తెంపి వేళ్ల మధ్య దొర్లించండి. దొర్లితే అది స్ప్రూస్, దాని ఆకు నాలుగు పలకలుగా ఉంటుంది, గుచ్చుకుంటుంది. దొర్లకుండా చదునుగా ఉండి, అడుగున రెండు తెల్ల గీతలు కనిపిస్తే ఫర్. హెమ్లాక్‌కి కూడా అడుగున తెల్ల గీతలుంటాయి, కానీ ఆకు పొట్టిగా ఉండి, ప్రతి ఆకుకీ దారప్పోగంత చిన్న తొడిమ ఉంటుంది. ఈ తొడిమ సంగతి గుర్తుంచుకోండి, ఎందుకంటే హెమ్లాక్ ఇంట్లో పెడితే కొద్ది రోజుల్లోనే ఆకంతా రాల్చేస్తుంది. స్ప్రూసూ అంతే, కాస్త ఆలస్యం. నిలవడంలో నార్త్ కరొలైనాలో పెరిగే ఫ్రేజర్ ఫర్, పడమటి తీరాన ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల నోబుల్ ఫర్ చాలా గట్టివి. వాసనకి మాత్రం బాల్సమ్‌ని మించింది లేదు, ఈశాన్య రాష్ట్రాల్లో క్రిస్మస్ వాసన అంటే అదే.

ఎప్పుడైనా కట్టడం కుదరక కొనాల్సి వస్తే, సైజు దగ్గర జాగ్రత్త. కొందరు రింగు కొలత చెబుతారు, కొందరు బయటి వెడల్పు చెబుతారు. పన్నెండు అంగుళాల రింగు అన్నదీ, 22 అంగుళాల రీత్ అన్నదీ చాలాసార్లు ఒకే సరుకు. ఇక్కడి వీధి తలుపు మామూలుగా 36 అంగుళాలు, దానికి 22 నుంచి 24 వెడల్పు చక్కగా సరిపోతుంది. దుకాణంలో రీత్‌ని తిప్పి వెనక పక్క చూడండి. ముందు ఎంత నిండుగా ఉన్నా, వెనక తీగ వదులుగా వేలాడుతుంటే అది ఇంటికి చేరేసరికే జారుతుంది. కొన్నింటికి తీగ ఉండదు, రింగుకి అతికించిన ఇనప కొక్కేలు గుత్తిని నొక్కి పట్టుకుంటాయి, కాలితో తొక్కే యంత్రం మీద వంచినవి. అవి మొదట్లో బిగువుగానే ఉంటాయి కానీ కాడ సన్నబడ్డాక మళ్లీ బిగించడానికి వీలుండదు. ఆకు పచ్చిదో కాదో తెలియాలంటే కొస నుంచి మొదలు వైపుకి, అంటే ఆకు వాలుకి ఎదురుగా, అరచేత్తో దువ్వండి. నాలుగైదు ఆకులు రాలితే మామూలే. గుప్పెడు రాలితే వదిలేయండి.

పోస్టులో తెప్పించుకుంటే పెట్టె వచ్చిన రోజే తెరిచి, నీళ్లు చల్లి చల్లటి చోట ఉంచాలి. మూసిన పెట్టెని హీటర్ పక్కన రెండు రోజులు వదిలేస్తే లోపల ఉడికిపోతుంది.

అలంకారానికి ఎర్ర కాయల తీగ కొంటుంటే అది ఓరియంటల్ బిటర్‌స్వీట్ కాదని చూసుకోండి. పసుపు తొక్క పగిలి లోపల నారింజ రంగు కాయ కనిపించేది అదే. మసాచుసెట్స్‌లో దాని అమ్మకం నిషేధం, పిట్టలు ఆ గింజల్ని తిని అడవంతా వేస్తాయి, ఆ తీగ చెట్లని చుట్టి చంపేస్తుంది. పెరట్లో కోసుకున్నదైనా సరే రీత్‌కి కట్టొద్దు. ఇంట్లో పసిపిల్లలుంటే హోలీ అనే ముళ్ల ఆకు చెట్టు ఎర్ర కాయలు, యూ అనే సూది ఆకు చెట్టు కొమ్మలు కూడా వద్దు. యూ ఆకూ గింజా రెండూ విషమే.

ఊదా_కొవ్వొత్తి:

అడ్వెంట్ రీత్ గురించి నేను చెబుతాను. తలుపు రీత్‌కీ దీనికీ చూపు ఒకటే గానీ పుట్టుక వేరు. జర్మనీలో హాంబర్గ్ దగ్గర రౌహెస్ హౌస్ అనే పిల్లల ఆశ్రమం నడిపిన యోహాన్ హిన్రిష్ విషెర్న్ అనే లూథరన్ పాస్టరు 1839లో మొదలుపెట్టారు. క్రిస్మస్ ఎప్పుడొస్తుంది అని రోజూ అడిగే పిల్లల కోసం బండి చక్రం మీద కొవ్వొత్తులు నిలబెట్టారు: మామూలు రోజులకి చిన్న ఎర్రవి, ఆదివారాలకి పెద్ద తెల్లవి నాలుగు. ఆ ఏడు మొదటి అడ్వెంట్ ఆదివారం డిసెంబరు 1న పడింది కాబట్టి 24వ తేదీ దాకా ఎర్రవి 20, తెల్లవి 4. చిన్నవి ఎన్నన్నది ఏటేటా మారుతుంది. క్రిస్మస్ ఆదివారమే పడితే 24, సోమవారం పడితే 18. ఆకు మొదట్లో లేదు, ఫర్ కొమ్మలు 1860 ప్రాంతంలో వచ్చి చేరాయి. పెద్ద చక్రం ఇళ్లలో పట్టదు గనక నాలుగు కొవ్వొత్తుల రీత్ మిగిలింది. కథోలిక చర్చిలో మొదటిసారి 1925లో కొలోన్ నగరంలో పెట్టారు.

మీవాళ్లది గుంటూరు అన్నారు కాబట్టి ఒక మాట. లూథరన్ మిషనరీ హేయర్ గారు గుంటూరు చేరింది 1842లో. అప్పటికి విషెర్న్ చక్రం వయసు మూడేళ్లే, అదీ ఒక్క ఆశ్రమంలోనే. కాబట్టి ఇది తొలి మిషనరీలు తెచ్చిన ఆచారం అని ఎవరైనా అంటే నమ్మకండి, ఇది ఆ తర్వాతి కాలంలో వచ్చింది.

రంగుల దగ్గర ఒకటే పద్ధతి లేదు. మూడు ఊదా, ఒకటి గులాబీ అన్నది కథోలికుల నుంచి వచ్చింది. గులాబీ రంగుది మూడో ఆదివారం వెలిగించాలి, దాన్ని గౌదెతె ఆదివారం అంటారు, సంతోషించండి అని అర్థం. జర్మనీ ఇళ్లలో నాలుగూ ఎర్రవే ఎక్కువ. మధ్యలో తెల్లది పెట్టేవాళ్లు దాన్ని క్రిస్మస్ ముందు రాత్రి వెలిగిస్తారు. మొదటి ఆదివారం ఏదన్న అనుమానం వస్తే నవంబరు 30కి దగ్గరగా ఉన్న ఆదివారం చూసుకోండి. అది నవంబరు 27కి ముందు పడదు, డిసెంబరు 3 దాటదు.

ఇక మీ మొదటి కొవ్వొత్తి లెక్క. ముప్పాతిక అంగుళం నుంచి అంగుళం లోపు మందం ఉండే సన్నటి కొవ్వొత్తి గంటకి దాదాపు ఒక అంగుళం కరుగుతుంది. మొదటిది అన్ని రోజులూ వెలగాలి, అడ్వెంట్ అన్నిటికన్నా పొడుగైన ఏడు 28 రోజులు. రోజూ పావుగంట వెలిగిస్తే ఏడు గంటలు, అంటే ఏడు అంగుళాలు. రెండోది 21 రోజులకి ఐదుంపావు, మూడోది మూడున్నర, నాలుగోది రెండుకి లోపే. పది అంగుళాలది కొంటే కొవ్వొత్తి నిలబెట్టే గూట్లో ముప్పాతిక అంగుళం పోయినా ఆఖరి రోజున రెండంగుళాలు మిగులుతుంది. ఎనిమిది అంగుళాలది కొని రోజూ అరగంట వెలిగిస్తే రెండు వారాలకే గూట్లోకి దిగిపోతుంది. అరగంట ప్రార్థన చేసుకునే ఇల్లయితే మూడంగుళాల మందం ఉన్న లావు కొవ్వొత్తులు తీసుకోండి. లావువైతే ఒకసారి వెలిగించాక మైనం అంచు దాకా కరిగేంతసేపు ఉంచాలి, లేదంటే మధ్యలో గొయ్యి పడి వత్తి మునిగిపోతుంది.

పచ్చి ఆకుకీ మంటకీ మధ్య కనీసం రెండంగుళాలు ఉండాలి. మొదటి కొవ్వొత్తి రోజూ దిగుతుంటుంది కాబట్టి ఆ కొవ్వొత్తి పక్క ఆకుని వారానికోసారి తగ్గించుకుంటూ రండి. బల్ల మీద రీత్ తలుపు మీదదాని కన్నా వేగంగా ఎండుతుంది, కింద ఒక పళ్లెం పెట్టి రెండో ఆదివారం తర్వాత ఆకు మార్చేయడం మంచిది. ఎండిన ఫర్‌లో ఉండే జిగురు నూనెలాగే అంటుకుంటుంది. ఇది మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

మరో సంగతి చెప్పాలనిపిస్తోంది. రీత్ అనగానే మనవాళ్లలో చాలామందికి గుర్తొచ్చేది పార్థివదేహం మీద పెట్టే పుష్పగుచ్ఛమే, అందుకని గుమ్మానికి అదేంటని పెద్దవాళ్లు అడుగుతారు. ఎండాకాలం చలికాలం తేడా లేకుండా పచ్చగా ఉండే ఆకు, మొదలూ చివరా లేని గుండ్రం, ఈ రెండింటికీ ఎప్పటికీ ఉండే జీవం అనే అర్థమే. సమాధి మీద పెట్టినా గుమ్మానికి కట్టినా ఆ అర్థం మారదు. మెయిన్‌లోని హారింగ్టన్‌లో రీత్‌ల వ్యాపారం చేసే మోరిల్ వూస్టర్ 1992లో మిగిలిపోయిన ఐదు వేల రీత్‌లని ఆర్లింగ్టన్ సైనిక శ్మశానానికి పంపించారు, ఇప్పుడు ఏటా డిసెంబరులో జరిగే పెద్ద కార్యక్రమానికి అదే మొదలు. అవి కూడా మీరు కొంటున్న ఈ బాల్సమ్ ఫర్‌తో కట్టేవే.

కడియం_మొక్క:

గుంటూరుకి ఫర్ వెతకొద్దని చెప్పండి. వచ్చేది ప్లాస్టిక్‌దే. అక్కడ దొరికే ఆకుల్లో నాకైతే మొదటిది తూజా. నర్సరీల్లో, కాలనీ పార్కుల అంచుల్లో ఉంటుంది, విసనకర్రలాంటి చదునైన రెమ్మ కాబట్టి గుత్తి కట్టడం సులువు. నీడపట్టున పెడితే వారం దాకా చూడ్డానికి బాగుంటుంది. రెండోది సరుగుడు. బాపట్ల, చీరాల తీరమంతా అదే కదా, చూపుకి ఫర్ లాగా ఉంటుంది, కానీ సన్నటి పోగులు కాబట్టి గుత్తికి మూడు రెమ్మలు చాలవు, పిడికిలి నిండా పట్టుకోవాలి. ఎండేకొద్దీ పోగులు కణుపుల దగ్గర విరిగి పొడి రాలుతుంది, అందుకని పండక్కి రెండు రోజుల ముందు కడితే సరిపోతుంది. నరమామిడి ఆకు నిగనిగలాడుతుంది. ఒక్కో ఆకుగా కాకుండా చివుళ్లతో ఉన్న చిన్న రెమ్మలుగా కోస్తే ఎక్కువ నిలుస్తుంది. మామిడాకు మన తోరణానికి బాగుంటుంది గానీ రీత్‌కి వద్దు, మూడో రోజుకి అంచులు ముడుచుకుని గొట్టంలా అవుతుంది, గుండ్రం చెడిపోతుంది.

కుండీలో ఉన్న అరకేరియాని, అదే మనవాళ్లు క్రిస్మస్ చెట్టు అని కొంటారే, దాని తల మాత్రం తుంచకండి. తల తెగితే ఆ చెట్టు మళ్లీ తిన్నగా లేవదు. కావాలంటే అన్నిటికన్నా కింది వరస కొమ్మలు రెండు తీసుకోవచ్చు.

రింగు కొనక్కర్లేదు. వరిగడ్డిని తడిపి చెయ్యి మణికట్టంత లావు తాడులా పేని, గుండ్రంగా చుట్టి పురికొసతో బిగించండి. గడ్డి తడిగా ఉన్నంతసేపూ ఆకు కూడా వాడదు, గుచ్చడానికీ వీలుంటుంది. రోజుకి రెండుసార్లు నీళ్లు చల్లాలి. తలుపు తడుస్తుందనుకుంటే వెనక పాలిథిన్ ముక్క కట్టండి. కట్టడానికి హార్డ్‌వేర్ దుకాణంలో సెంట్రింగు పనికి అమ్మే బైండింగు వైరు బాగానే పనికొస్తుంది. కాకపోతే తడికి తుప్పు పట్టి తెల్ల గోడ మీద మరక వేస్తుంది, తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన జీఐ వైరు అడగండి.

కోస్తాలో డిసెంబరు మధ్యాహ్నాలు కూడా 28, 29 డిగ్రీలు ఉంటాయి. పడమటి గుమ్మమైతే మధ్యాహ్నం తీసి లోపల పెట్టుకుని, సాయంత్రం మళ్లీ తగిలించుకోమనండి.

బాపట్ల_టు_బోస్టన్:

ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్సండి. దేవదారు గారూ, అవును, చెక్క తలుపుకి బయట గాజు తలుపు ఉంది, రీత్ ఆ రెండింటి మధ్యలో ఉండేది. ఇల్లు దక్షిణ ముఖం. రింగు ముడతలదే. నా గుత్తుల మధ్య ఎడం కొలిచాను, నాలుగు అంగుళాలు ఉంది. ఆకు ఆరకుండా ఏదో స్ప్రే అమ్ముతున్నారు, అది కొట్టొచ్చా?

దేవదారు:

అదేనండి. దక్షిణ ముఖం, రెండు తలుపుల మధ్య సందు, ముందు గాజు. చలికాలపు ఎండ కిందుగా వచ్చి గాజులోంచి నేరుగా పడుతుంది, వేడి బయటికి పోయే దారి లేదు. బయట గడ్డకట్టే చలి ఉన్నా ఆ సందులో ఆకు ఉడికిపోతుంది. కుడి పక్కకి ద్వారబంధం నీడ పడి ఉంటుంది, అందుకే ఆ సగం బతికింది. ఈసారి గాజు తలుపుకి బయటవైపు తగిలించండి. బయట చలిలో, మంచులో ఉన్నంతకాలం బాల్సమ్ దానంతటదే జనవరి దాకా నిలుస్తుంది.

గాజుకి రబ్బరు మూకుడు కొక్కెం పెట్టకండి, చలికి గట్టిపడి గాలి వదిలేస్తుంది, ఐదు పౌండ్ల బరువు అర్ధరాత్రి నేల మీద పడుతుంది. గాజు తలుపు పై అంచు మీదుగా వేసే పల్చటి ఇనప పట్టీ దొరుకుతుంది, తలుపు మూసుకుంటుందో లేదో ఒకసారి చూసుకుని అది వాడండి. అయస్కాంతపు కొక్కేలు రెండు పక్కల నుంచి గాజుని పట్టుకునే రకం కూడా ఉంది, దాని మీద ఎన్ని పౌండ్లు ఆపుతుందో రాసి ఉంటుంది, రీత్ బరువుకి రెట్టింపు ఉన్నది తీసుకోండి. రీత్ తడిస్తే బరువు పెరుగుతుంది.

గాజుకి అవతల పెడుతున్నారు కాబట్టి లోపల్నుంచి వెనక పక్క కనిపిస్తుంది. అంటే రెండు వైపులా కట్టాలి, 30 గుత్తులు.

తీగచుట్ట:

స్ప్రే కొట్టొచ్చు. అది ఆకు మీద పల్చటి పొరలా పట్టి తడిని ఆపుతుంది. 40 డిగ్రీల ఫారన్‌హీట్ పైన, ఆకు మీద నీటి చుక్క లేనప్పుడు, ఆరుబయట కొట్టి మూడు నాలుగు గంటలు ఆరనివ్వాలి. రెండు వైపులా కొట్టండి, ఆకు రంధ్రాలు అడుగున తెల్ల గీతల దగ్గరే ఉంటాయి. నీళ్లలో నానబెట్టక ముందు కొడితే ప్రయోజనం లేదు, ముందు తాగించి తర్వాత మూత పెట్టాలి. నీలి రంగు స్ప్రూస్, జూనిపర్ కాయలు కలిపితే వాటి మీద మాత్రం పడనీయకండి, ఆ పైనుండే బూడిద లాంటి పూత కరిగి రంగు పోతుంది.

నాలుగు అంగుళాల ఎడం అంటే మీ రింగుకి తొమ్మిది గుత్తులే పడ్డాయన్నమాట. గుత్తి మొదళ్లని తర్వాతి గుత్తి కప్పలేదు, కాడ బయటపడి గాలికి త్వరగా ఎండింది, ఎండి సన్నబడింది, తీగ వదిలింది. రింగు మీద రెండున్నర అంగుళాలకొకసారి స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టుకుని మొదలుపెట్టండి. ముందు వైపు గుత్తులు ఆ గుర్తుల మీద, వెనక వైపువి రెండు గుర్తుల నడిమిన.

పండగయ్యాక వెనకవైపు తీగని కటింగ్ ప్లయరుతో నాలుగైదు చోట్ల కత్తిరిస్తే ఆకంతా ఊడి వస్తుంది, రింగు వచ్చే ఏడుకి పనికొస్తుంది. కత్తిరించిన తీగ ముక్కలు ఏరేశాకే ఆకుని ఎరువు గుంటలో వేయండి.